మూలమట్టానికి లొంగని ఇల్లు

మాదాపూర్‌లో కూర్చుని నేను గీసిన ఇళ్లలో ఒక్కదాన్ని కూడా కళ్లతో చూడలేదు. ఇప్పుడు అదే దారిలో అద్దాల మేడల్లో పనిచేసే పిల్లలకు ఇందులో వింతేమీ ఉండదు. కానీ తొంభైల చివర, రాయదుర్గం గుట్టల్లో ఇంకా రాయి పేలుస్తున్న కాలంలో, ఎక్కడో స్కాట్లాండ్‌లో ఉన్న ఇంటి గోడల్ని హైదరాబాదులో గీస్తున్నామంటే మా బోరబండ వీధిలో ఎవరూ నమ్మలేదు. "గాడ గీసెటోళ్లు లేరా?" అని పక్కింటాయన అడిగాడు. ఉన్నారు, కానీ వాళ్లకన్నా మేం చవక అని చెప్పడానికి మనసొప్పక, "మన చెయ్యి మంచిదంట" అన్నాను.

నా చదువు గురించి ముందే చెప్పుకుంటే మంచిది. ఇంటర్ మధ్యలో ఆపేసి ఒక ఆర్కిటెక్టు దగ్గర ట్రేసర్‌గా చేరాను. ఇంకొకరు పెన్సిల్‌తో గీసినదాని మీద పల్చటి కాగితం పరిచి ఇంకుతో ఎక్కించడం ఆ పని. మిగతా చదువంతా లైబ్రరీలో జరిగింది. ఇళ్ల గురించి, గుళ్ల గురించి, వంతెనల గురించి దొరికిందల్లా చదివాను. రిఫరెన్స్ పుస్తకాలు ఇంటికివ్వరు కాబట్టి బొమ్మలు అక్కడే కూర్చుని దించుకునేవాణ్ణి. ఇంజనీర్లకు తెలియని సంగతి నాకు తెలిసినప్పుడు ఆ సంతోషం దాచుకోవడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

నలభై దాటాక కంప్యూటర్ మీద గీయడం నేర్చుకుని మాదాపూర్ కంపెనీలో చేరాను. ఒక కొత్త బిల్డింగులో రెండో అంతస్తు మాది, కింద టైల్స్ దుకాణం. విదేశీ ఆర్కిటెక్టులు పంపే పాత కాగితపు డ్రాయింగులనూ సర్వే కొలతలనూ కంప్యూటర్లోకి ఎక్కించి తిరిగి పంపడం మా వ్యాపారం.

మా సెక్షన్ హెడ్ ఒక మేడం. తెనాలి వైపు మనిషి, సివిల్ ఇంజనీరు. కాలవల శాఖలో పర్మనెంటు ఉద్యోగం వదిలేసి వచ్చారు. ఎందుకు వదిలేశారని అడిగితే, "అక్కడ నేను గీసిన తూము కట్టేలోపు నేను రిటైరవుతానండీ" అనేవారు. ఇంట్లో మాత్రం ఈ జవాబు చెల్లలేదు. వచ్చిన చుట్టాలందరికీ మామగారు ఆవిడని "గవర్నమెంటు ఉద్యోగం కాలదన్నుకున్న కోడలు" అని పరిచయం చేసేవారట. మేడం ఇది నవ్వుతూనే చెప్పేవారు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు ఉండేది కాదు. ఎందుకంటే ఆవిడ ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నారు, వెనక్కి వెళ్లడానికి పాత ఉద్యోగం లేదు.

నా పక్క సీటు కర్నూలు జిల్లా మనిషిది. డిప్లొమా చదివి, కూకట్‌పల్లిలో ఇళ్ల పర్మిషన్ ప్లాన్లు గీసి చేయి తిరిగినవాడు. మేం ఒక షీటు పూర్తిచేసేలోపు అతను రెండు పూర్తిచేసి, మూడోదాని మీద పాట పాడుతుండేవాడు.

స్కాట్లాండ్ ఇల్లు మాకు పరీక్షగా వచ్చింది. అక్కడి ఆర్కిటెక్టు ఆఫీసు చేతిలో పాత భవనాల పని చాలా ఉంది. ఈ ఒక్క ఇల్లు సరిగ్గా గీసి చెప్పిన శుక్రవారానికి పంపితే మిగతావన్నీ మాకే ఇస్తామన్నారు. మా డైరెక్టరు అందరినీ పిలిచి ఆ సంగతి చెప్పి, మేడం వైపు తిరిగి, "గిది పాసైతే మీ కన్ఫర్మేషన్ గూడ అయినట్టే మేడం. గాకపోతే ఈ సెక్షనే ఉండది" అన్నాడు. ఈ ఊరి మనిషే ఆయన. మంచివాడు, కాస్త భయస్తుడు.

కొరియర్లో వచ్చిన ఫోటోలు టేబుల్ మీద పరిచాం. కింది అంతస్తు బూడిదరంగు రాయి. దాని పైన తెల్లటి సున్నపు గోడ, ఆ తెలుపు మీద నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా నల్లటి చెక్క పట్టీలు. ముందువైపు కప్పు మూడుచోట్ల త్రికోణంలా లేచింది, నడిమిది పెద్దది. ఇటుక పొగగొట్టాలు చెరుకుగడల్లా గుంపుగా నిలబడ్డాయి, వాటిలో కొన్నింటిని ఎవరో బట్ట పిండినట్టు మెలితిప్పారు. కిటికీల్లో పెద్ద అద్దమన్నది లేదు. అన్నీ అరచేతంత ముక్కలు, సీసపు పట్టీలతో అతికించినవి. మేడమీది గది కిటికీ ఒకటి గోడ దాటి బయటికొచ్చి గాల్లో కూర్చుంది.

"పగిలిపోకుండా నల్ల టేపు చుట్టినారా సార్ దీనికి?" అన్నాడు కర్నూలు మిత్రుడు.

నాకు ఇంకేం కావాలి! ఇది ట్యూడర్ శైలి అని మొదలుపెట్టాను. నాలుగైదు వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో ఆ పేరుతో ఒక రాజవంశం ఉండేదని, అప్పటి ఇళ్లకు ముందు ఓకు చెక్కతో పంజరం నిలబెట్టేవారని, సందుల్లో తడికలు పెట్టి మట్టి మెత్తి సున్నం పూసేవారని, ఆ నల్ల చెక్కలే ఇంటిని మోస్తాయని చెప్పాను. టీ చల్లారిపోయింది. మేడం శ్రద్ధగా విన్నారు. "ఎంత చదివారండీ మీరు!" అన్నారు. ఆ మాటతో నేను సాయంత్రం దాకా బతికాను.

మర్నాడు కర్నూలు మిత్రుడు ఒక ఫోటోని కంప్యూటర్లో పెద్దది చేసి నన్ను పిలిచాడు. నల్ల చెక్క మీద వరసగా ఇనుప మొలల తలలు.

"మోసే స్తంభానికి మొలలెందుకు సార్? ఇది గోడకు కొట్టిన పలక."

"పాతగైనంక మరమ్మతు చేసుంటరు."

"అన్నింటికీనా?"

ఆ వారం సెలవురోజున లైబ్రరీలో ఇంకో పుస్తకం తీశాను. నూట యాభై ఏళ్ల కిందట మిల్లులూ ఓడలూ పెట్టి సంపాదించిన పెద్దమనుషులు పాత రాజుల కాలపు శైలిలో ఇళ్లు కట్టించుకున్నారని, చాలాచోట్ల ఆ నల్ల పట్టీల వెనక ఉండేది మామూలు రాతిగోడో ఇటుకగోడో అని అందులో ఉంది. అంటే మాది ట్యూడర్ ఇల్లు కాదు, ట్యూడర్ వేషం వేసిన ఇల్లు. ఆఫీసులో చెప్పక తప్పలేదు.

"పెళ్లి మంటపంలో థర్మకోల్ స్తంభాల మాదిరన్నమాట" అని అతను తేల్చేశాడు. వారంపాటు నేను ఏం చెప్పినా, "ఇది మోసేదా సార్, మొలలు కొట్టిందా?" అని అడిగాడు.

ఇక పని. ఇంటి నడిమి భాగంలో కప్పు కింది ఓకు దూలాలు పుచ్చిపోయాయి. వాటి స్థానంలో ఇనుప దూలాలు వేయాలి. మేం పంపే డ్రాయింగు చూసి అక్కడి వర్క్‌షాపులో దూలాలు కోస్తారు, క్రేనుతో పైకెత్తి గోడల మీద దింపుతారు. కొలతలు వాళ్ల సర్వేయరు చేత్తో తీసి పంపాడు. ప్రతి గదికీ పొడవు, వెడల్పు, వాటితోపాటు ఒక మూల నుంచి ఎదుటి మూలకు కర్ణం కూడా రెండువైపులా రాశాడు.

అవి రెండూ సమానంగా లేకపోతే గది వంకరని అర్థం. ఆ కర్ణాలను మేమెవరం వాడలేదు. ఇక్కడ మా పద్ధతి గురించి చెప్పాలి. మా అందరి చేతులూ పర్మిషన్ ప్లాన్ల మీద తయారైనవే. మన సైట్లలో మేస్త్రీ కట్టిన గది ఏదీ మూల తొంభై డిగ్రీలుందో లేదో చూసే మూలమట్టానికి సరిగ్గా ఉండదు, బెత్తెడు అటో ఇటో ఉంటుంది. ఆ వంకర కాగితం మీద కనపడకూడదు. కనపడితే ఓనరుకు కోపం, మేస్త్రీకి అవమానం, ప్లాన్ పాస్ చేసేవాళ్లకు అనుమానం. అందుకని నేల మీద ఇల్లు ఎట్లా ఉన్నా కాగితం మీద దాన్ని బుద్ధిమంతురాల్ని చేయడమే డ్రాఫ్ట్స్‌మన్ పనితనం. దాన్ని సాపు చేయడం అనేవాళ్లం. కంప్యూటర్ వచ్చాక ఇది మరీ తేలికైంది. ఎఫ్ ఎయిట్ మీట నొక్కితే ఇక గీత నిలువుగానో అడ్డంగానో తప్ప పోదు. మా కంప్యూటర్లలో ఆ మీట పొద్దున నొక్కితే సాయంత్రం దాకా అట్లాగే ఉండేది. కర్ణం కలవకపోతే టేపు జారిందనుకునేవాళ్లం.

కింది అంతస్తు గదులన్నీ గీసి ఒకచోట చేర్చాక ఇంటి బయటి కొలతకూ లోపలి గదుల మొత్తానికీ తేడా వచ్చింది. అదీ కొత్త కాదు, దానికీ పద్ధతి ఉంది. తేడాని గోడలకు పంచేస్తాం. ఈ గోడకు ఇంత, ఆ గోడకు ఇంత. ఎవరికీ నొప్పి తెలియదు.

"పంచేసినా మేడం. మెట్ల హాలు గోడ ఒకటి మిగతావాటికన్నా బాగా లావైంది, అంతే" అన్నాడు కర్నూలు మిత్రుడు.

మొదటి అంతస్తులోనూ తేడా వచ్చింది. దాన్నీ పంచాడు. పై అంతస్తు దగ్గరికి వచ్చేసరికి మేడం అతని కుర్చీ వెనక నిలబడి ఉన్నారు.

"ఇక్కడ కూడా మెట్ల హాలు గోడకేనా పంచింది?"

"వేరే యాడా చోటు లేదు మేడం."

"మూడు అంతస్తుల్లోనూ అదే గోడ. టేపు జారితే అన్నిసార్లూ ఒకేచోట జారుతుందాండీ?"

నేను పాత అలవాటు కొద్దీ మూడు అంతస్తుల ప్రింట్లు తీసి, ట్రేసింగ్ కాగితం మీద ఆ హాలు చుట్టూ ఉన్న గదులు మాత్రం మళ్లీ గీశాను. ఈసారి చేత్తో, వృత్తలేఖినితో, కర్ణాలు పట్టుకుని. హాలు వైపు గోడలు ఏటవాలుగా వచ్చాయి. మూడు కాగితాలూ ఒకదాని మీద ఒకటి పెట్టి కిటికీ అద్దానికి ఆనించాం. బయట ఎండ బాగా కాస్తోంది. ఇల్లంతా ఒక దిక్కుకు తిరిగి ఉంటే, నడిమిలో ఒక చతురస్రం ఇంకో దిక్కుకు తిరిగి ఉంది. మూడు అంతస్తుల్లోనూ అంతే. దాని గోడలు మనిషి చేతులు చాచినంత మందం.

నా చదువులో దీనికి పేరు లేదు. కర్నూలు మిత్రుడు మాత్రం అద్దం దగ్గరికి వెళ్లి చూసి, "బురుజు" అన్నాడు.

"బురుజు గుండ్రంగ ఉంటది గద?"

"గుండ్రం, నలుచదరం, యాదైనా బురుజే సార్. మా ఊర్లో కోట పోయినాక బురుజు మిగిలె. దానికి ఆనిచ్చి ఒకాయప్ప ఇల్లు కట్టుకున్యాడు. ఒకపక్క గోడ ఖర్చు మిగులు గదా! ఆ ఇంట్లో మంచం ఎట్లేసినా ఒక కోడు గోడకు తగుల్తాది. బురుజు కట్టినోడు నీళ్ల వంక దిక్కు చూసి కట్టె, ఇల్లు కట్టినోడు బజారు దిక్కు చూసి కట్టె. రెండూ ఎందుకు కలుస్తాయి?"

సర్వే పటం తీసి చూశాం. ఆ చతురస్రం ముఖం ఏటి వైపు ఉంది. ఇంటి ముఖం గేటు నుంచి వచ్చే దారి వైపు ఉంది.

అంటే ట్యూడర్ వేషం లోపల ఇంకా పాత కోట ఒకటి నిలబడి ఉంది. చెక్క పలకల తొడుగు వేసి, పైన సున్నపు పూలు దిద్ది దాన్ని మూసేశారు. మేం దాన్ని సాపు చేసి మొత్తం చెరిపేశాం. పుచ్చిన దూలాలు ఆనుకుని ఉన్నది ఆ గోడల మీదే. మా డ్రాయింగు ప్రకారం ఇనుము కోస్తే ఒక చివర గోడలోకి గుచ్చుకుంటుంది, రెండో చివర గాల్లో ఉంటుంది.

అది గురువారం. ముందు చెప్పిన గడువు మర్నాడే.

మేడం ట్రేసింగులు చుట్టుకుని డైరెక్టరు గదిలోకి వెళ్లారు. మమ్మల్నిద్దర్నీ రమ్మన్నారు. ఆయన అంతా విని కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఏంది మేడం గిట్లంటరు? రేపు పంపాలె. మల్ల గీసేందుకు ఎన్ని దినాలు?"

"రెండు వారాలు పడుతుందండీ."

"ట్రయల్ జాబ్‌ల తప్పయిందని మనమే చెప్తే ఇగ మనకెవరిస్తరు పని? వాళ్ల ఇల్లు, వాళ్ల సర్వే. వాళ్లు చెక్ చేసుకోరా?"

"చెక్ చేసుకోరండీ. ఆ పని కూడా మనమే చేస్తామనే మనకిచ్చారు. దూలాలు కోసేస్తారు."

"మీ ప్రొబేషన్ యాదుంది గద?"

"ఉందండీ" అన్నారు మేడం. చేతిలోని ట్రేసింగులు ఆయన టేబుల్ మీద పరిచారు. "వాళ్లకిది ఎలాగూ తెలుస్తుందండీ, దూలం పైకెక్కిన రోజున. అప్పుడు తెలిసి లాభం లేదు."

డైరెక్టరు నా వైపు చూశాడు.

"నువ్వేమంటవ్? పుస్తకాలు చదువుతవ్ గద."

"పుస్తకంల ఇది లేదు సార్. కానీ మేడం చెప్పింది కరెక్టే."

ఐఎస్‌డీ ఫోను ఆయన గదిలోనే చెక్కపెట్టెలో తాళం వేసి ఉండేది. ఎవరైనా అడిగితే ఎన్ని నిమిషాలని అడగకుండా ఆయన తాళం తీసిందే లేదు. ఆ రోజు ఏమీ అడగలేదు. తాళం తీసి, ఫోను బయట పెట్టి, బీపీ గోలీ ఒకటి నోట్లో వేసుకుని, "మాట్లాడుండ్రి" అన్నాడు.

మనకు టీ వేళ, వాళ్లకు అప్పుడే ఆఫీసు తెరిచే వేళ. ఆ ఆర్కిటెక్టు వయసు మళ్లినవాడు. ఆయన ఇంగ్లీషు మాకు సగమే అర్థమయ్యేది. అది తెలిసి కాబోలు మాతో నెమ్మదిగా మాట్లాడేవాడు. స్పీకరు పెట్టారు. మేడం నమస్కారాలు కూడా పూర్తిచేయకుండా, మీ ఇంటిని ఉన్నదానికన్నా తిన్నగా గీశాం, నడిమి భాగం డ్రాయింగు తప్పు, దాన్ని వాడొద్దు అని చెప్పేశారు. తర్వాత ఆ గోడల సంగతి, కర్ణాల సంగతి ఒక్కొక్కటే వివరించారు.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినపడింది. డైరెక్టరు ఫోను మీదికి వంగాడు. తర్వాత ఆర్కిటెక్టు గొంతు. ఆ మెట్లు తను ఎన్నో ఏళ్లుగా ఎక్కుతున్నానని, ఎక్కిన ప్రతిసారీ ఒక పక్కకు లాగినట్టుంటుందని, అది తన మోకాలి దోషమనుకున్నానని చెప్పాడు. ఆ ఊళ్లో పాతవాళ్లు ఇక్కడ ఒకప్పుడు కోట ఉండేదంటారని, అది ఎప్పుడో కూలిపోయి ఉంటుందని అందరూ అనుకున్నారని కూడా అన్నాడు.

మేడం ఒక దారి చెప్పారు. రెండుపక్కల భాగాలూ తర్వాత కట్టినవి, వాటి కర్ణాలు సరిగ్గా కలిశాయి. వాటిని రేపే పంపుతాం. నడిమి భాగానికి రెండు వారాలు ఇవ్వండి. ఆయన సరేనన్నాడు. మిగతా పనుల మాటేమిటని డైరెక్టరు చేత్తో సైగ చేస్తున్నాడు. మేడం అడిగారు. అది భాగస్వాములు నిర్ణయిస్తారు, తను మాట ఇవ్వలేనని ఆయన అన్నాడు.

ఫోను పెట్టాక డైరెక్టరు దాన్ని మళ్లీ పెట్టెలో పెట్టి తాళం వేశాడు. "పోయింది" అన్నాడు. మేడం బయటికొచ్చి, సెక్షన్ అంతటికీ వినపడేలా, "ఎఫ్ ఎయిట్ ఆపెయ్యండి" అన్నారు.

తర్వాతి రెండు వారాలు కర్నూలు మిత్రుడు పాట పాడలేదు. వంకర గీత గీయడం ఎంత కష్టమో ఆ చేతికి అప్పుడే తెలిసింది. తిన్నని గీతకు రెండు కొలతలు చాలు, వంకర గీతకు ప్రతి మూలా విడిగా పట్టుకోవాలి. "సార్, ఒక్క గోడన్నా నిటారుగా గీయనీయండి" అని బతిమాలేవాడు. ఎప్పుడైనా అలవాటులో వేలు ఆ మీట మీదికి పోతే మేడం కుర్చీలోంచే, "చూస్తున్నానండోయ్" అనేవారు. ఆవిడ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి తినకుండానే మూసేసిన రోజులు నేను చూశాను. ఇంట్లో ఈ విషయం చెప్పలేదని ఒకసారి అన్నారు. ఇంకో ఉద్యోగం వెతుక్కుంటున్నారా అని అడగబోయి ఊరుకున్నాను.

నడిమి భాగం పంపిన కొన్నాళ్లకు అక్కడి నుంచి మెయిల్ వచ్చింది. మెట్ల హాల్లో ఒక చెక్క పలక ఊడదీసి చూశారట. వెనక గరుకు రాయి, అందులో మూసేసిన సన్నటి కిటికీ ఒకటి, బాణం వేసేంత సందు. ఆ తర్వాత ఫోటోలు వచ్చాయి. ఇనుప దూలం చివర పాత రాతిగోడలో తొలిచిన గూట్లో ఆని ఉంది. చుట్టూ వేలు పట్టేంత ఖాళీ వదిలారు, మేం గీసినట్టే.

"కూర్చున్నాది సార్!" అని కర్నూలు మిత్రుడు బల్ల మీద చరిచాడు.

ఇంకో ఫోటో ఇల్లు బయటినుంచి తీసింది. అవే త్రికోణాలు, అవే నల్ల పట్టీలు, మెలితిరిగిన పొగగొట్టాలు. పలక మళ్లీ బిగించేశారు కాబట్టి లోపల కోట ఉన్నట్టు చూసేవాళ్లకి తెలిసే వీలు లేదు. నేను చాలాసేపు చూశాను.

పని మొత్తం రాలేదు. సగం ఇచ్చారు. మిగతా సగం, మాలాగే పరీక్షకు ఒక ఇల్లు తీసుకుని అనుకున్న తేదీకి పంపిన వేరే ఊరి కంపెనీకి వెళ్లింది. వాళ్ల డ్రాయింగులు చాలా తిన్నగా ఉన్నాయని విన్నాను. అద్దాల మేడల పిల్లలూ, మీకు ఇక్కడ న్యాయం గెలిచిందని చెప్పాలని నాకూ ఉంది, కానీ జరిగింది ఇదే. సగం పనితో మా సెక్షన్ నిలబడింది. కొత్తవాళ్లను తీసుకుంటామన్న మాట మాత్రం ఆగిపోయింది.

డైరెక్టరు ఒక సాయంత్రం మేడం టేబుల్ దగ్గరికి తనే వచ్చి కవరు పెట్టాడు. "కన్ఫర్మ్ చేసిన మేడం. ఇంకోసారి గిట్ల ఫోన్ చేసేదుంటే ఒక దినం ముంగట చెప్పుండ్రి, గోలీ డబ్బా తెచ్చుకుంట" అని, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

మేడం నిలబడే చదివారు. మడిచి బ్యాగులో లోపలి అరలో పెట్టి జిప్పు వేశారు. ఇద్దరం కలిసి బస్టాపు దాకా నడిచాం.

"ఇయ్యాల మీ మామగారికి చెప్పండి మేడం, పరేషాన్ పోతది" అన్నాను.

"రేపు చెప్తానండీ" అన్నారు. "ఇవాళ ఒక్కరోజు నాకే ఉండనివ్వండి."